ఎల్లుండి మాస్టారి వీలునామా

వీలునామా రాయించుకోడానికి నా దగ్గరికి వచ్చినవాళ్లు బయటికి వెళ్లి, నేను మహా తొందర మనిషినని చెప్పుకుంటారట. చెప్పుకోనివ్వండి. కాగితం చదివి వినిపించాక "ఇంటికి తీసుకెళ్లి ఒకసారి తీరిగ్గా చూసుకుంటానండి" అని ఎవరైనా అంటే నేను ఊరుకోను. కింద టీ కొట్టాయన్నీ, తాళాలు బాగుచేసే ఆయన్నీ పైకి పిలిచి, సాక్షులుగా కూర్చోబెట్టి, అప్పటికప్పుడు సంతకం పెట్టిస్తాను. మనసు మారితే రేపే వచ్చి దాన్ని చించేసి ఇంకోటి రాసుకోవచ్చు, నాకేం అభ్యంతరం లేదు. నా ఎదురుగా ఉన్న కుర్చీలోంచి మాత్రం సంతకం పెట్టకుండా లేవనివ్వను. ఈ మొండితనం నాకు పుట్టుకతో వచ్చింది కాదు. మా వరండాకి అవతలి గదిలో ఉండే దర్జీ చనిపోతూ నేర్పి వెళ్లాడు.

మాది పాత మేడ. మొదటి అంతస్తులో వరండాకి ఇటు నా గది, అటు ఆయన కొట్టు. నా గదిలో ఒక బల్ల, ఒక కంప్యూటరు, రోజుకోసారి కాగితం మింగి మొరాయించే ప్రింటరు. అమ్మకం కాగితాలు, అద్దె ఒప్పందాలు, వీలునామాలు రాసి పెట్టడం నా పని. ఆయన కొట్టులో రెండు కుట్టు మిషన్లు, తలుపంత పొడుగున్న కటింగ్ బల్ల, నిలువెత్తు అద్దం, అద్దం పక్కన తెర, తెర వెనక గోడకి బిగించిన ఇనప కడ్డీ. సగం కుట్టిన కోట్లూ చొక్కాలూ ఆ కడ్డీకి వేలాడుతూ ఉండేవి. పంతొమ్మిదేళ్లు మేమిద్దరం ఎదురెదురుగా తలుపులు తీసుకుని కూర్చున్నాం. ఇంట్లో మా ఆవిడ మొహం కంటే ఆయన మొహమే నేను ఎక్కువ చూసి ఉంటాను.

ఆయన్ని అందరూ ఎల్లుండి మాస్టారు అనేవాళ్లు. ఎప్పుడు రమ్మంటారని అడిగితే, తల ఎత్తకుండా "ఎల్లుండి" అనేవాడు. ఎల్లుండి వెళ్తే మళ్లీ ఎల్లుండే. పెళ్లికని ఇచ్చిన సూటు మొదటి బిడ్డ పుట్టాక తొడుక్కున్న పెద్దమనిషి ఒకాయన ఉన్నాడు. కాళ్లరిగేలా తిరిగి, తిట్టి, ఇంక ఈ గుమ్మం తొక్కనని ఒట్టు పెట్టుకున్నవాళ్లే మళ్లీ బట్ట పట్టుకుని వచ్చేవాళ్లు. ఎందుకంటే ఆయన కుట్టిన కోటు వేసుకుంటే, గూని ఉన్నవాడు కూడా నిటారుగా కనిపించేవాడు.

ఆయనది బద్ధకం కాదు. ఏ బట్టయినా ముందు పొడుగు పొడుగు కుట్లతో, తెల్లదారంతో కచ్చాగా కుట్టేవాడు. తర్వాత మనిషిని పిలిచి, అద్దం ముందు నిలబెట్టి, ట్రయల్ చూసేవాడు. "ఎక్కడైనా పట్టేసిందా?" అని అడిగేవాడు. లేదని మనిషి చెప్పినా నమ్మకుండా చుట్టూ రెండుసార్లు తిరిగేవాడు. అప్పుడు గానీ బట్ట మిషను మీదికి ఎక్కేది కాదు. దిండు గలీబు కుట్టమంటే దిండుని తెప్పించి ట్రయల్ చూశాడని టీ కొట్టాయన చెప్తూ ఉండేవాడు. అబద్ధమే అయ్యుండాలి, కానీ విన్నవాళ్లెవరూ కాదనలేదు. ఇదేం చాదస్తమని ఓసారి అడిగితే, మిషను కుట్టు విప్పినా బట్ట మీద చిల్లులు మిగిలిపోతాయని, కచ్చా కుట్టయితే దారం లాగేస్తే ఏమీ జరగనట్టే ఉంటుందని చెప్పాడు. ఒకరి మీద వేసేది ఏదైనా ముందు వాళ్లని అడగకుండా గట్టిచెయ్యకూడదని ఆయన నమ్మకం.

కొట్టు వెనక ఇంకో గది ఉంది. అందులో ఆయన మరదలు, అంటే చనిపోయిన భార్యకి చెల్లెలు, ఉండేది. మొగుడు పోయి ఒంటరిగా ఉన్న రోజుల్లో, జబ్బుపడిన అక్కకి సాయం చెయ్యడానికి వచ్చింది. రెండేళ్లు మంచం పక్కనే ఉండి చూసుకుంది. అక్క పోయింది. ఆవిడకి వెళ్లడానికి వేరే చోటు లేదు, ఈయనకి ఇంట్లో వేరే మనిషి లేదు. అలా ఇరవై రెండేళ్లు గడిచాయి. కోట్లకీ చొక్కాలకీ గుండీలు పట్టే కాజాలన్నీ ఆవిడ చేతిమీదుగానే వచ్చేవి. మిషను మీద కాజాలు కుట్టడం ఆయనకి ఇష్టం ఉండేది కాదు. ఒక్కొక్కటీ చేత్తో, దారం మీద దారం బిగిస్తూ కుట్టాల్సిందే. వచ్చేపోయేవాళ్లు ఆవిడని కాజాలమ్మ అనేవాళ్లు. ఆవిడ ఆయన్ని బావగారు అనేది. ఆయన ఆవిడని ఏమనీ పిలవగా నేను వినలేదు. "ఇదిగో" అనేవాడు, అంతే.

ఒక మగా ఒక ఆడా ఒక గోడకి అటూ ఇటూ ఉంటే లోకం ఊరుకుంటుందా. నలుగురూ నాలుగు రకాలుగా అనుకున్నారు. అనుకున్నవాళ్లలో నేనూ ఉన్నాను, దాచడం దేనికి. ఓసారి కాగితాల మీద ఆవిడ సంతకం కావాల్సి వచ్చి లోపలికి వెళ్లినప్పుడు, కొట్టుకీ గదికీ మధ్య ఉన్న తలుపు చూశాను. దాని గడియ గది వైపు ఉంది. కొట్టు వైపు పాత గడియ పీకేసిన నాలుగు స్క్రూల చిల్లులు మిగిలాయి. అక్క పోయిన మర్నాడే బావగారు తనే స్క్రూడ్రైవరు తీసుకుని గడియ ఇటు మార్చారని, అప్పట్నుంచి ఆయన కటింగ్ బల్ల మీదే పడుకుంటున్నారని ఆవిడ మామూలుగా చెప్పింది. నేను సంతకం తీసుకుని బయటికి వచ్చి, అంతకు ముందు అనుకున్నవాటికి సిగ్గుపడ్డాను.

ఆ గది ఉత్తరపు గది. చలికాలంలో దానికి ఎండ మొహం తెలీదు. ఆవిడ అక్క పాత శాలువా కప్పుకుని కూర్చుని, రెండు కాజాలకోసారి లేచి, ఇస్త్రీ పెట్టె మీద అరచేతులు ఆనించి వేడి చేసుకుని, మళ్లీ వచ్చి సూది పట్టుకునేది. ఆయన తల వంచుకుని కత్తిరిస్తూనే ఉండేవాడు. చూసేవాడని నాకు అప్పుడు తెలీదు.

ఆ యేడు ఎండాకాలంలో ఆయన మెట్లెక్కుతూ గుండె పట్టుకుని కూర్చుండిపోయాడు. నేనూ తాళాలాయనా కలిసి డాక్టరు దగ్గరికి తీసుకెళ్లాం. గుండె బలహీనంగా ఉందని, మందులు మానొద్దని, బరువులు ఎత్తొద్దని డాక్టరు చెప్పాడు. తిరిగి వచ్చే దారిలో నేనే ఎత్తాను వీలునామా మాట. ఊరుకుంటే ఏమవుతుందో విడమరిచి చెప్పాను. ఆయనకి పిల్లలు లేరు. తొమ్మిదేళ్లుగా గుమ్మం తొక్కని తమ్ముడు ఉన్నాడు. ఆయన పోతే చట్టం ఆ తమ్ముడి మొహమే చూస్తుంది గానీ, ఇరవై రెండేళ్లు కాజాలు కుట్టిన భార్య చెల్లెలు ఎవరో దానికి తెలీదు. మనం ఇవ్వాలనుకున్న మనిషీ, చట్టం ఇచ్చే మనిషీ ఒకళ్లే అయితే వీలునామా లేకపోయినా ఏదోలా నడుస్తుంది. వేరు వేరు మనుషులైతే మాత్రం ఒంట్లో ఓపిక ఉన్నప్పుడే, బుర్ర సరిగ్గా పనిచేస్తున్నప్పుడే రాసెయ్యాలి. మంచం ఎక్కాక రాస్తే, మతి లేనప్పుడు రాయించారని గొడవ వస్తుంది. ఆయన అంతా విని, ఇంటి దగ్గర దిగేటప్పుడు "ఆలోచిస్తా" అన్నాడు.

నాలుగు రోజుల తర్వాత నా గదికి వచ్చాడు. చేతిలో బట్టలు కత్తిరించే ముందు అచ్చులు గీసే ఖాకీ కాగితం ఉంది. దాని మీద పెన్సిలుతో రాసుకొచ్చాడు. కొట్టు, వెనక గది, రెండు మిషన్లు, కత్తెరలు, అద్దం, అన్నీ నా భార్య చెల్లెలికి చెందాలి అని ఉంది. కింద ఎందుకిస్తున్నాడో రాసిన వాక్యం ఉంది. "ఆవిడ నాకు చేసిన సేవకు" అని రాసి, ఆ సేవ అన్న మాట మీద కాగితం చిరిగేలా గీతలు కొట్టేశాడు. కింద ఇంకోలా రాశాడు. "ఇది ఆవిడదే కనుక."

ఆవిడదే అయితే మీరు ఇవ్వడమేంటి, కాగితంలో ఇలాంటి మాట కుదరదని నేను వాదించాను. అలాగే ఉండాలని ఆయన పట్టుబట్టాడు. సరే, ఎవరికి నష్టం అని అలాగే టైపు చేశాను. ప్రింటు తీసి, చదివి వినిపించాను. లాభం పొందే మనిషి సాక్షిగా ఉండకూడదు కాబట్టి కాజాలమ్మని పిలవొద్దని చెప్పి, కిందికి కేకేశాను. టీ కొట్టాయన చేతులు తుడుచుకుంటూ, తాళాలాయన నోట్లో స్క్రూ పెట్టుకునే వచ్చి గుమ్మంలో నిలబడ్డారు. నేను పెన్ను మూత తీసి ఆయన చేతికిచ్చాను.

ఆయన కాగితం చివర్లో నేను పెట్టిన గీత వంక కాసేపు చూశాడు. "ట్రయల్ అవ్వలేదుగా" అన్నాడు.

ముగ్గురం నవ్వాం. ఆయన నవ్వలేదు. సాక్షులకి వినపడకుండా నా వైపు వంగి మెల్లగా చెప్పాడు.

"ఆవిడకి ముందు చూపించాలండీ. ఒకసారి ఈ సంగతి కదిపితే చావు మాటలు మాట్లాడొద్దని తలుపేసుకుంది, ఆ రోజంతా తియ్యలేదు. చెప్పకుండా రాసిపెట్టి పోతే, రేపు నలుగురూ ఆవిడని ఏమంటారు? ఏం చేసి రాయించుకుందో అంటారు. ఆవిడ చూసి, సరే బావగారూ అంటే, అప్పుడు పెడతా."

ఇది కోటు కాదు మాస్టారూ అన్నాను. నచ్చకపోతే చించెయ్యొచ్చు, పది సార్లు మార్చొచ్చు, మీరు ఉన్నన్నాళ్లూ దీనివల్ల ఎవరికీ ఏమీ సంక్రమించదు, ఇదే అసలైన కచ్చా కుట్టు, సంతకం పెట్టి ట్రయల్ చూసుకోండి అని చెప్పి ఉండాల్సింది. ఇప్పుడు ఇంత బాగా తోస్తోంది. అప్పుడు తోచలేదు. అద్దె ఒప్పందం కోసం వచ్చినవాళ్లు వరండాలో నిలబడి గడియారం చూసుకుంటున్నారు. నేను మరి ఎప్పుడని అడిగాను. ఆయన కాగితం మడిచి జేబులో పెట్టుకుని "ఎల్లుండి" అన్నాడు. ఈసారి ఆయన కూడా నవ్వాడు. సాక్షులు నా ఖాతాలో టీ తాగి వెళ్లిపోయారు. సాయంత్రం చూసుకుంటే నా పెన్ను కనపడలేదు, అద్దె ఒప్పందం వాళ్లు పట్టుకుపోయారని తిట్టుకున్నాను.

కొన్నాళ్లు గుర్తు చేశాను. కానీ ఆయన దగ్గర నా నోరు మూయించే మంత్రం ఒకటుంది. మూడేళ్ల కిందట నేను ఒక కోటుకి బట్ట ఇచ్చాను. ఆయన కచ్చాగా కుట్టి, ట్రయల్‌కి రమ్మని వరండాలోంచి ఎన్నిసార్లు పిలిచాడో లెక్కలేదు. పది అడుగులు వేసి వెళ్లడానికి నాకు తీరిక లేదు. ఎల్లుండి వస్తానని ఆయన మాటే ఆయనకి అప్పజెప్పేవాణ్ణి. అందుకని నేను సంతకం ఎప్పుడని అడిగితే, ఆయన ట్రయల్ ఎప్పుడని అడిగేవాడు. ఇద్దరం నవ్వుకుని ఎవరి బల్ల దగ్గరికి వాళ్లం పోయేవాళ్లం. ఆ నవ్వులు తల్చుకుంటే నా మీద నాకే అసహ్యం వేస్తుంది.

ఆ నెలల్లో ఇంకోటి కూడా గమనించాను గానీ పట్టించుకోలేదు. ఆయన రోజూ పొద్దున్న పది దాటగానే ఆవిడని దారం తెమ్మని బజారుకి పంపేవాడు. నల్లదారమంటాడు, తెచ్చాక ఇది కాదు ఇంకాస్త ముదురు నలుపంటాడు. వెళ్లి రావడానికి గంట పట్టేది. ఉన్న దారం పెట్టడానికి సొరుగులు చాలడం లేదని, బావగారికి మతి మందగిస్తోందేమోనని ఆవిడ నా దగ్గర బెంగపడింది. వయసు మీద పడుతోందని నేనూ అన్నాను.

చలి మొదలైన వారంలో, ఒక మంగళవారం, ఆయన చనిపోయాడు. ఆవిడ బజారుకెళ్లిన గంటలోనే జరిగింది. తిరిగి వచ్చేసరికి ఆయన స్టూలు మీద కూర్చుని, మెడలో టేపుతో, తల కటింగ్ బల్ల మీద ఆనించి ఉన్నాడట. పడుకున్నాడనుకుంది. పాపం లేపడం ఎందుకని చప్పుడు చెయ్యకుండా దారం సొరుగులో పెట్టి, పక్కనే కూర్చుని ఒక చొక్కాకి రెండు కాజాలు కుట్టింది. మూడోదానికి గుడ్డ సరిచేసుకుంటూ ఆయన చెయ్యి తగిలితే చల్లగా ఉంది. కిటికీ వేద్దామని లేచింది. అప్పుడు తెలిసింది. ఆవిడ నా గది గుమ్మంలోకి వచ్చి నిలబడింది. చేతిలో సూది ఇంకా అలాగే ఉంది.

తమ్ముడు వచ్చాడు. అతను చెడ్డవాడైతే ఈ కథ చెప్పడం నాకు తేలిగ్గా ఉండేది. అతను లారీ నడుపుతాడు. అన్న మీద పడి చిన్నపిల్లాడిలా ఏడ్చాడు, తొమ్మిదేళ్లు పంతానికి పోయానని తల బాదుకున్నాడు. ముగ్గురు పిల్లలతో రెండు గదుల అద్దె ఇంట్లో ఉంటున్నాడు. అన్నీ అయ్యాక, అన్నయ్య ఏమైనా రాసిపెట్టాడా అని నా దగ్గరికే వచ్చి అడిగాడు. అసలు కాగితం ఎక్కడుందో నాకు తెలీదు. కంప్యూటర్లో ఉన్నదాన్ని మళ్లీ తీసి ఇచ్చాను. రెండుసార్లు చదివాడు. ఇవి అన్నయ్య మాటలేనని ఒప్పుకున్నాడు. తర్వాత అడిగాడు, సంతకం లేదేంటని. నేను ట్రయల్ సంగతి చెప్పాను. చెప్తూ ఉంటే నాకే అది పిచ్చిమాటలా వినిపించింది.

"ఏడు నెలలండీ. సంతకం పెట్టడానికి ఏడు నెలలు కావాలా? మొహమాటానికి రాయించాడేమో. తర్వాత మనసొప్పక వదిలేశాడేమో. సంతకం ఉంటే అన్నయ్య మాట కాదనేవాణ్ణి కాదు, నా పిల్లల మీద ఒట్టు. లేనప్పుడు వాళ్ల నోటిదగ్గర కూడు నేనెలా తీసి ఇవ్వను చెప్పండి."

ఆవిడ టీ గ్లాసులు పట్టుకుని గుమ్మంలో ఉంది. ఎంతసేపట్నుంచి ఉందో మేము చూసుకోలేదు. గ్లాసులు నా బల్ల మీద పెట్టి, తొణికిన టీ కొంగుతో తుడిచి, వెళ్లిపోయింది. కాసేపటికి మధ్య తలుపు గడియ పడిన చప్పుడు వినిపించింది.

చట్టం అతని వైపే ఉంది. సంతకం లేని కాగితం మీద ఎంత మంచి మాట రాసినా అది ఉత్త కాగితమే. కొట్టూ గదీ అమ్మకానికి పెట్టాడు. ఫోన్లు అమ్మేవాళ్లెవరో కొన్నారు. ఆ అమ్మకం కాగితం కూడా నేనే రాశాను. వద్దంటే ఇంకొకడు రాస్తాడు కదా అని నాకు నేను సర్దిచెప్పుకున్నాను. నెలాఖరుకి ఆవిడ ఖాళీ చెయ్యాలి. ఆవిడ పెదనాన్న కూతురు ఒకావిడ వేరే ఊళ్లో ఉంది. అక్కడ బట్టల ఫ్యాక్టరీలో గుండీలు కుట్టే పని ఇప్పిస్తానందట, పడుకోడానికి వంటింట్లో చోటు కూడా ఉందట.

ఒకరోజు ఆవిడే నా గదికి వచ్చి కూర్చుంది. పంతొమ్మిదేళ్లలో ఆవిడ ఆ కుర్చీలో కూర్చోవడం అదే మొదటిసారి.

"గది పోతే పోయిందండీ. నేను వచ్చినప్పుడు మాత్రం నాకేం గది ఉంది. ఒక్కటి చెప్పండి. బావగారు నిజంగా మనసు మార్చుకున్నారా?"

లేదన్నాను. ఒట్టేసి చెప్పాను. ఆవిడ తలూపింది గానీ, ఓదార్చడానికి అంటున్నాననే అనుకుందని నాకు తెలుసు. నా స్థానంలో ఎవరున్నా అదే అంటారు. నా దగ్గర రుజువు లేదు. ఇరవై రెండేళ్లు తను ఆ ఇంట్లో మనిషో, మొహమాటానికి ఉంచుకున్న మనిషో తేల్చుకోలేక ఆవిడ నలిగిపోతుంటే, వందల వీలునామాలు రాసిన నేను నీళ్లు నమిలాను. ఆవిడ లేచి వెళ్లిపోయింది. ఆ తర్వాత కొన్ని రోజులు ఆవిడ మొహం చూడ్డానికి భయపడి తలుపు సగం దగ్గరగా వేసుకున్నాను.

నెల చివరి రోజు. మిషన్లు అప్పటికే కిందికి దిగిపోయాయి. కటింగ్ బల్ల తలుపులోంచి పట్టక కాళ్లు ఊడదీశారు. అద్దం గోడ నుంచి విప్పి కింద ఆనించారు. కడ్డీకి ఉన్న బట్టలు ఎవరివి వాళ్లని పిలిచి అప్పజెప్తూ, చివరికి ఆవిడ నన్ను కేకేసింది. నా కోటు ఒక్కటే మిగిలింది. మూడేళ్ల దుమ్ము పట్టిన ఆ కోటుని హ్యాంగరుతో సహా దించబోయి, ఇంత బరువేంటని ఆగింది. నేను వెళ్లి సాయం పట్టాను. నా కోటు తప్పించి చూస్తే, దాని కింద అదే హ్యాంగరుకి ఇంకో కోటు ఉంది.

ముదురు నీలం ఉన్నితో కుట్టిన ఆడవాళ్ల పొడుగు కోటు. లోపల మెత్తటి లైనింగు. భుజాల మీదా, చేతుల చుట్టూ, అంచుల వెంటా తెల్లదారం కచ్చా కుట్లు. మెడ దగ్గర చీటీ గుచ్చి ఉంది. పేరు రాసే చోట ఏమీ లేదు. భుజం, చేతి పొడుగు, నడుము, ఎత్తు, అన్నీ ఆయన అక్షరాలతో నిండుగా ఉన్నాయి. అందరి చీటీల మీదా ట్రయల్ దగ్గర ఎల్లుండి అని రాసేవాడు. దీని మీద తేదీ వేశాడు. గురువారం. ఆయన పోయిన మంగళవారం తర్వాత వచ్చిన గురువారం.

ఆవిడ లోపలి జేబు తడిమింది. జేబు మూతికి నాలుగు తెల్లకుట్లు వేసి ఉన్నాయి. పళ్లతో దారం తెంపింది. లోపల నేను టైపు చేసిచ్చిన కాగితం ఉంది, మడత నలగలేదు. మడతలో నా పెన్ను ఉంది.

నాకు అర్థమవడానికి కాస్త సమయం పట్టింది. ఆవిడకి ఒక్క క్షణంలో అర్థమైంది. దారం కోసం పంపిన గంటల్లో ఆయన ఇది కుట్టాడు. రోజుకి ఒక గంట, ఏడు నెలలు. ఆవిడ కంటపడకుండా దాచడానికి, ఎప్పటికీ ట్రయల్‌కి రాని మనిషి కోటు కింద కంటే భద్రమైన చోటు ఆయనకి దొరకలేదు. ఒక్కసారి, ఆ పది అడుగులూ వేసి నేను ట్రయల్‌కి వెళ్లి ఉంటే ఇది నా చేతుల్లోకి వచ్చేది. ఆయన మెడ మీద కూర్చునైనా సంతకం పెట్టించి ఉండేవాణ్ణి.

"అందుకా అన్నిసార్లు పంపారు" అంది ఆవిడ. అంటూనే కూర్చుండిపోయింది. ఆయన ప్రాణం పోయిన గంటలో తను పక్కన లేకపోవడం కూడా అందుకేనని ఇద్దరికీ ఒకేసారి తోచింది.

లేచి, భుజం మీది శాలువా తీసి నాకిచ్చి, కోటు తొడుక్కుంది. ఆయన టేపు ఈ ఇరవై రెండేళ్లలో ఒక్కసారీ ఆవిడ భుజానికి తగల్లేదు. అంతా చూపులోంచి తీసుకున్న కొలతే. గోడకి ఆనించిన అద్దం ముందు నిలబడింది. నేను ఆయన చేసినట్టే చుట్టూ రెండుసార్లు తిరిగి చూశాను. భుజం భుజం మీద కూర్చుంది. చేతులు మణికట్టు దగ్గర ఆగాయి. వీపున ఒక్క ముడత లేదు. ఆయన కుట్టినవాటిలో తప్పు వెతకడం ఆయన దగ్గరే నేర్చుకున్నాను, ఎంత వెతికినా తప్పు దొరకలేదు.

"ఎక్కడైనా పట్టేసిందా అమ్మా?" అని అడిగాను.

ఆవిడ అద్దంలోకి చూస్తూ తల అడ్డంగా ఊపింది.

"ఇంత సరిగ్గా సరిపోయిందే. మరి దేనికి ఆగారండీ?"

కాగితం తమ్ముడికి చూపిద్దామని, ఈ పెన్నూ ఈ తేదీ చూస్తే అతని మనసు కరగవచ్చని అన్నాను. వద్దంది. కొన్నవాళ్ల సామాను అప్పటికే మెట్ల మీద ఉంది. కాగితంలో చివరి మాట ఒక్కటి చదవమంది. నేను చదివాను. "ఇది ఆవిడదే కనుక." ఇంకోసారి చదవమంది. చదివాను. కాగితం మడిచి మళ్లీ అదే జేబులో పెట్టుకుంది, పెన్ను నాకు తిరిగిచ్చింది.

కోటు ముందు భాగం దగ్గరికి లాక్కోబోయి ఆగింది. గుండీలు లేవు, కాజాలూ లేవు. కాజాల చోటు మాత్రం సుద్దతో అయిదు గీతలు గీసి వదిలేశాడు. అది ఆవిడ పని. ఆవిడ ఆ గీతల మీద వేలు పెట్టి, చెరిగిపోతాయేమోనని వెంటనే తీసేసింది. తర్వాత ఒక చేత్తో సంచీ, ఇంకో చేత్తో కోటు అంచులు దగ్గరగా పట్టుకుని, ఆ తెల్లదారాలతోనే మెట్లు దిగి వెళ్లిపోయింది.